చేనును ఎన్ని చెక్కలు చేసినా

మధిర చుట్టుపక్కల ఊళ్లలో అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు మాట ఎకరాలతో మొదలై గుంటల్లోకి దిగుతుంది. ఎకరానికి 40 గుంటలు. గుంట అంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న చదరం; 121 చదరపు గజాలు. తాతకున్న ఐదెకరాలు ఇద్దరు కొడుకులకు చెరి రెండున్నర అవుతాయి. వాళ్లకూ ఇద్దరేసి కొడుకులుంటే తలా ఎకరం పది గుంటలు. ఈ లెక్క వింటూ కూర్చున్న పిల్లల్లో ఎవరో ఒకరికి తప్పకుండా తోచే ప్రశ్న ఒకటుంది: ఇట్లా సగం చేసుకుంటూ పోతే ఎక్కడైనా ఆగుతుందా?

మన్ను విషయంలో జవాబు తేలికే. మట్టిబెడ్డను నలిపితే రేణువులు, రేణువును విడదీస్తే అణువులు, పరమాణువులు. అక్కడికి వచ్చాక అది మన్నుగా ఉండదు. కానీ పిల్లవాడు అడిగింది మన్ను గురించి కాకపోవచ్చు. మన్నునంతా ఎత్తిపోసినా మిగిలే జాగా సంగతేమిటి? హద్దురాళ్ల మధ్య ఉన్న ఖాళీ చోటును ఎంతవరకు కొయ్యవచ్చు? దానికీ ఒక ఆఖరి ముక్క ఉందా?

వందేళ్ల కిందట ఈ ప్రశ్న వేస్తే తత్వవేత్తల దగ్గరికి పొమ్మనేవారు. ఇప్పుడిది భౌతిక శాస్త్రం. జాగాకు ఆఖరి ముక్క ఉండవచ్చునని చెప్పే సిద్ధాంతాలు వచ్చాయి. వాటి వెంటే మొదటి ప్రశ్నకన్నా కష్టమైన రెండో ప్రశ్న కూడా వచ్చింది: జాగా ముక్కలతో అయిందైతే, ఆ ముక్కలన్నీ కలిసి మనం నడిచే ఈ నున్నని చోటు ఎట్లా అయింది? ఈ అధ్యాయం ఆ రెండో ప్రశ్న గురించి.

ఆఖరి ముక్క ఎంత

1915లో ఐన్‌స్టీన్ గురుత్వాకర్షణకు కొత్త అర్థం చెప్పాడు. బరువైన వస్తువుల చుట్టూ స్థలమూ కాలమూ వంగుతాయి. ఆ వంపునే మనం ఆకర్షణ అంటున్నాం. స్థలం వంగుతుందంటే అది ఊరికే పడి ఉన్న ఖాళీ కాదన్న మాట. కదిలే, మారే వస్తువు. మరోవైపు క్వాంటం సిద్ధాంతం ప్రకారం, కదిలే మారే వస్తువులు లోతుకు వెళితే చాలాచోట్ల విడివిడి మెట్లుగా తేలతాయి. కాంతి కూడా అంతే, పరమాణువులోని శక్తి కూడా అంతే. ఈ రెంటినీ కలిపితే స్థలానికీ మెట్లు ఉండవచ్చు.

ఆ మెట్టు ఏ పాటిదో అంచనా వేయడానికి ప్రకృతిలోని మూడు స్థిరసంఖ్యలు చాలు: కాంతి వేగం, గురుత్వ స్థిరాంకం, ప్లాంక్ స్థిరాంకం. వీటిని కలిపితే వచ్చే ఏకైక పొడవు ప్లాంక్ పొడవు. ఒక మీటరును 10 పక్కన 34 సున్నాలు పెట్టిన సంఖ్యతో భాగిస్తే వచ్చేదానికి ఒకటిన్నర రెట్లకు కొద్దిగా ఎక్కువ. ఆ పొడవు భుజంగా గల చిట్టి చదరాలు ఒక గుంటలో ఎన్ని పడతాయో లెక్క కడితే 4 పక్కన 71 సున్నాలు వస్తాయి.

మహారాష్ట్రలోని శిర్పూర్‌లో పుట్టిన అభయ్ అశ్‌తేకర్ 1986లో ఐన్‌స్టీన్ సమీకరణాలను క్వాంటం లెక్కకు లొంగే రూపంలోకి తిరగరాశాడు. ఆ దారిలో నడిచిన కార్లో రొవెల్లీ, లీ స్మోలిన్ 1995లో ఒక ఫలితం చూపించారు. ఈ సిద్ధాంతంలో విస్తీర్ణానికీ ఘనపరిమాణానికీ ఏ విలువ పడితే ఆ విలువ ఉండదు. కొన్ని మెట్లు మాత్రమే ఉంటాయి. సున్నా తర్వాత వచ్చే మొదటి మెట్టు ప్లాంక్ చదరానికి కొన్ని రెట్లు. ఈ మెట్లు అర, ఒకటి, ఒకటిన్నర అనే వరసలో నడిచే సంఖ్యలతో వస్తాయి. ఇవి భ్రమణాల గణితం నుంచి వచ్చే సంఖ్యలు, స్పిన్ అంటారు. ఈ గణితం మన నేలకు కొత్తది కాదు. సూరి భగవంతం, టి. వెంకటరాయుడు కలిసి ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి 1948లో వెలువరించిన సమూహ సిద్ధాంత గ్రంథం ఈ గణితాన్ని భౌతిక శాస్త్ర సమస్యలకు ఎట్లా వాడాలో చెప్పింది. వాళ్లు చూసింది స్ఫటికాలనూ అణువులనూ. అదే కుటుంబానికి చెందిన గణితం ఇప్పుడు స్థలాన్నే విప్పి చూడడానికి అక్కరకొచ్చింది.

కనుక మొదటి ప్రశ్నకు ఒక జవాబు దొరికినట్టే ఉంది: సగం చేసుకుంటూ పోతే ఒకచోట ఆగుతుంది. ఇది ప్రయోగంలో తేలిన సంగతి కాదని మాత్రం గుర్తుంచుకోవాలి. జెనీవా దగ్గరి పెద్ద కణ త్వరణ యంత్రం తరచి చూడగలిగిన దూరం కన్నా ప్లాంక్ పొడవు పదేసి రెట్ల మెట్లు పదహారు దిగితే గానీ రాదు.

త్రిభుజాలతో నేలను కొలిచినవాళ్లు

ముక్కల నుంచి మొత్తాన్ని ఎట్లా కట్టాలన్నది తెలుసుకోవడానికి, నేలను నిజంగా అట్లా కొలిచినవాళ్ల పని చూద్దాం. ఈ అధ్యాయం పొడుగునా ఈ ఒక్క పోలికనే పట్టుకుని వెళ్తాను, ఎందుకంటే ఇది పోలిక కన్నా కాస్త ఎక్కువ. వాళ్లు చేసిన గణితమూ, ఇప్పటి శాస్త్రజ్ఞులు చేస్తున్న గణితమూ దగ్గరి చుట్టాలు.

1802లో విలియం లాంబ్టన్ మద్రాసులోని సెయింట్ థామస్ మౌంట్ దగ్గర దాదాపు 12 కిలోమీటర్ల గీత ఒకటి గొలుసులతో కొలిచాడు. ఆ గీత రెండు చివరల నుంచి దూరంగా ఉన్న మూడో గుర్తును చూసి కోణాలు తీసుకున్నాడు. ఒక భుజం, కోణాలు తెలిస్తే తక్కిన భుజాలు లెక్కలోనే వస్తాయి. గొలుసు లాగే పని లేదు. ఆ భుజాల మీద మళ్లీ త్రిభుజాలు. అట్లా త్రిభుజం పక్కన త్రిభుజం అల్లుకుంటూ దేశమంతా కప్పారు. 1818 చివర లాంబ్టన్ దగ్గరికి హైదరాబాదులో జార్జి ఎవరెస్టు సహాయకుడిగా చేరాడు. శిఖరానికి ఉన్న పేరు ఈయనదే. 1819లో ఆయనకు అప్పజెప్పిన పని కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో త్రిభుజాలు అల్లడం. మధిర ఆ రెండు నదుల నడుమ ఉన్న ఊరే; ఇక్కడి నుంచి భద్రాచలం దిక్కుగా వెళ్లేకొద్దీ ఇప్పటికీ అడవి దట్టమవుతుంది. వానాకాలం జ్వరాలు బృందమంతటినీ కూల్చాయి. పని ఆపి హైదరాబాదుకు తిరిగి రావలసి వచ్చింది. మరుసటి ఏడు ఎవరెస్టు ఆరోగ్యం కోసం ఆఫ్రికా దక్షిణపు కొసకు ఓడ ఎక్కాడు. గుర్తుల మీద దీపాలు పెట్టినవాళ్లు, చెట్లు కొట్టి చూపుకు దారి చేసినవాళ్లు, అర టన్ను బరువున్న కోణమాన యంత్రాన్ని గుట్టల మీదికి మోసినవాళ్లు ఈ దేశపు కూలీలూ లస్కర్లూ. వాళ్ల పేర్లు ఏ పటం మీదా లేవు.

ఈ కొలతలో ఒక మెలిక ఉంది. కాగితం మీద త్రిభుజం కోణాలు కలిపితే 180 డిగ్రీలు. భూమి గుండ్రం కాబట్టి పెద్ద త్రిభుజంలో మొత్తం 180కి కొంచెం పైన వస్తుంది. సుమారు 200 చదరపు కిలోమీటర్ల త్రిభుజానికి ఒక సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు. లాంబ్టన్ బృందం ఆ తేడాను లెక్కలోకి తీసుకుంది. భూమి నుంచి పైకి లేవకుండా, కొలతల లోపలి నుంచే, నేల వంపు ఎంతో పట్టుకోవచ్చన్న మాట.

ఇటలీ శాస్త్రజ్ఞుడు తుల్లియో రెజ్జె 1961లో ఐన్‌స్టీన్ స్థలకాలాన్ని సరిగ్గా ఇట్లాగే ముక్కలు చేశాడు. మన స్థలకాలానికి నాలుగు కొలతలు: మూడు స్థలానివి, ఒకటి కాలానిది. అందులో త్రిభుజానికి బదులు అయిదు మూలలున్న దిమ్మలు వాడాలి. ఒక్కో దిమ్మకు పది త్రిభుజాలు, వాటితో కట్టిన అయిదు చతుర్ముఖులు అంచులుగా ఉంటాయి. ఒక్కో దిమ్మ లోపల వంపు ఏమీ లేదు, చదునే. దిమ్మలు అతికినచోట కోణాల మొత్తం సరిపోకపోతే అదే వంపు. ఈ దారిలో ఐన్‌స్టీన్ సిద్ధాంతం మొత్తం పొడవుల, కోణాల పట్టికగా మారిపోతుంది.

నురుగు

రెజ్జె, పొంజానో 1968లో ఇంకో అడుగు వేశారు. మూడు కొలతలే ఉన్న ఊహాలోకం తీసుకుని, అందులో భుజాల పొడవులకు స్పిన్ సంఖ్యలు మాత్రమే అనుమతించారు. ఆ తర్వాత క్వాంటం సిద్ధాంతం చెప్పేదే చేశారు: సాధ్యమైన అమరికలన్నిటికీ ఒక్కో బరువు కట్టి, అన్నిటినీ కలిపేశారు. ఈ బరువులు మామూలు తూకపు బరువులు కావు. ఒకదాన్నొకటి బలపరచుకోగలవు, చెరుపుకోనూ గలవు. కలిపి చూస్తే ఒక ఆశ్చర్యం బయటపడింది. లోపల ఎన్ని చతుర్ముఖులుగా కోసినా, ఏ తీరున కోసినా, అనంతాలను జాగ్రత్తగా తీసివేస్తే జవాబు ఒకటే.

దీని విలువ పంపకం లెక్కలో బాగా తెలుస్తుంది. ఒకే చేనును ఒక సర్వేయరు సాళ్ల వెంట చెక్కలు చేశాడు, ఇంకొకరు మూలమట్టంగా చేశారు. ఇద్దరి టిప్పన్‌లూ (కొలతల నక్షాలు) వేరు, మొత్తం మాత్రం కలవాలి. కలవకపోతే తేడా చేనులో లేదు, కొలిచే తీరులో ఉంది. కోతను బట్టి మారేది ప్రకృతి చెప్పిన మాట కాదు. ఆ కోతను ఎంచుకున్నది మనం. మూడు కొలతల లోకంలో ఆ పరీక్ష నెగ్గడానికి కారణం కూడా తెలుసు: అక్కడ గురుత్వానికి అలలు లేవు, ఒక చోట నుంచి ఇంకో చోటికి పోయే కదలిక లేదు. కనుక ఎంత సన్నగా కోసినా కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

మన లోకంలో అలలున్నాయి. 2015 సెప్టెంబరులో అమెరికాలోని లైగో పరికరాలు గురుత్వ తరంగాన్ని పట్టుకున్నాయి కూడా. నాలుగు కొలతల్లో ఇదే పని చెయ్యాలన్న ప్రయత్నానికి వచ్చిన పేరు స్పిన్ ఫోమ్. భ్రమణ నురుగు అందాం. పేరు పెట్టినది జాన్ బాయెజ్. 1998లో బారెట్, క్రేన్ ఒక నమూనా ఇచ్చారు. అందులో లోపాలు తేలాక 2008 నాటికి ఎంగిల్, పెరేరా, రొవెల్లీ, లివైన్ ఒకవైపు, ఫ్రైడెల్, క్రాస్నోవ్ మరోవైపు ఇప్పటికీ వాడుకలో ఉన్న నమూనాను కట్టారు. 2009లో నాటింగ్‌హామ్‌లో బారెట్ బృందం ఒక్క దిమ్మను తీసుకుని, దాని స్పిన్ సంఖ్యలను బాగా పెద్దవి చేసి చూస్తే రెజ్జె సూత్రం బయటపడుతుందని నిరూపించింది. అంటే ఒక్క దిమ్మ ఐన్‌స్టీన్ మాట వింటుంది.

ఒక్క దిమ్మ వినడం గొప్ప సంగతే. కానీ ఒక గుంట కూడా ఒక్క దిమ్మ కాదు. కోట్ల కోట్ల చిన్న దిమ్మలు కలిసినప్పుడు అదే మాట నిలుస్తుందా? ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే. సన్నని లోకం గురించి అందమైన నమూనాలు చాలామంది కట్టగలరు. వాటిని మన కళ్లెదుటి లోకం దాకా మోసుకురావడమే అసలు పని.

ముతకచూపు

ఆ పని చేసే పద్ధతి స్పిన్ ఫోమ్ కన్నా పాతది. 1966లో లియో కడనాఫ్ అయస్కాంతాల మీద చేశాడు. ఇనుములోని ఒక్కో పరమాణువూ చిన్న అయస్కాంతం. పక్కపక్కనున్న కొన్నిటిని ఒక గుంపుగా కలిపి, ఆ గుంపును ఒకే పెద్ద అయస్కాంతంగా చూశాడు. మళ్లీ ఆ గుంపులను గుంపులుగా కలిపాడు. దీన్ని కోర్స్ గ్రెయినింగ్ అంటారు. మనం ముతకచూపు అందాం. ఊరి నక్షాలో ప్రతి గట్టూ ఉంటుంది. మండలం పటంలో గట్లు పోయి ఊళ్ల పొలిమేరలు మిగులుతాయి. జిల్లా పటంలో అవీ పోతాయి. ప్రతి మెట్టులో కొంత వదిలేస్తాం. ఏది వదిలినా పరవాలేదు, ఏది వదిలితే లెక్క చెడుతుంది అన్నది తెలియడమే ఇందులో విద్య.

ఇక్కడ తొందరపడితే దాటిపోయే సంగతి ఒకటుంది. చిన్న ముక్కకు పనిచేసిన సూత్రం పెద్ద ముక్కకు అట్లాగే పనిచెయ్యదు. వంపు ఉన్న నేలను చిన్న చిన్న చదును త్రిభుజాలతో కొలిస్తే విస్తీర్ణం దాదాపు సరిగా వస్తుంది. అదే నేల మీద పెద్ద త్రిభుజం వేసి, చదును సూత్రమే వాడితే, మధ్యలోని ఉబ్బు లెక్కలోకి రాదు. పెద్ద త్రిభుజానికి సూత్రాన్నే సవరించాలి. లాంబ్టన్ గోళపు త్రిభుజాల సూత్రం వాడింది అందుకే. ఆ సూత్రంతో గుండ్రని నేలను ఎన్ని త్రిభుజాలు చేసినా మొత్తం కలుస్తుంది. చూపు ఒక మెట్టు ముతకబారినప్పుడల్లా సూత్రాన్ని, అందులోని సంఖ్యలను సరిదిద్దే ఈ పనినే రీనార్మలైజేషన్ అంటారు. మెట్టుసవరణ అని చెప్పుకుందాం. 1971లో కెన్నెత్ విల్సన్ దీన్ని పూర్తి సిద్ధాంతం చేశాడు. 1982లో నోబెల్ బహుమతి వచ్చింది.

సవరణ కాగితం మీది సర్దుబాటు కాదు, ప్రయోగాల్లో కనిపిస్తుంది. విద్యుత్ బలాన్ని కొలిచే సంఖ్య మామూలు దూరాల్లో 137లో ఒకటో వంతు. బాగా దగ్గరగా, జెడ్ కణాలు పుట్టే శక్తి దగ్గర చూస్తే అది సుమారు 128లో ఒకటో వంతు అవుతుంది. అదే బలం, చూపు మెట్టు మారితే సంఖ్య మారింది.

మెట్టు తర్వాత మెట్టు సవరిస్తూ పోగా సంఖ్యలు ఇక మారకుండా నిలిచిపోయే చోటు ఒకటి ఉండవచ్చు. అది స్థిరబిందువు. ఇనుమును 770 డిగ్రీల సెల్సియస్ దాకా కాల్చితే అయస్కాంతత్వం పోతుంది. సరిగ్గా ఆ అంచున ఏ మెట్టు నుంచి చూసినా దృశ్యం ఒకే తీరుగా ఉంటుంది. ఇంకో విశేషం: 31 డిగ్రీల దగ్గర ఒత్తిడిలో ఉన్న కార్బన్ డయాక్సైడులో ద్రవానికీ వాయువుకూ తేడా చెరిగిపోయే అంచున కొలిచే సంఖ్యలూ, ఒక జాతి అయస్కాంతాల అంచున కొలిచే సంఖ్యలూ ఒకటే. అడుగున ఉన్న ముక్కలు వేరైనా పైన కనిపించేది ఒకటే అయింది. స్థలం ఏ ఆకారపు దిమ్మలతో అయిందో పూర్తిగా తెలియకపోయినా ముందుకు పోవచ్చన్న ధైర్యం ఇక్కడి నుంచే వస్తుంది.

గురుత్వం మీద ఈ సవరణను పాత పద్ధతిలోనే చేద్దామని ముందే ప్రయత్నించారు. 1974లో 'ట్ హూఫ్ట్, వెల్ట్‌మన్ మొదటి మెట్టులోనే పదార్థం చేరితే లెక్క అనంతాలకు పొంగిపోతుందని చూపారు. 1985లో గోరోఫ్, సాన్యోత్తీ రెండో మెట్టులో పదార్థం లేకపోయినా పొంగుతుందని చూపారు. ప్రతి మెట్టులో కొత్త సంఖ్యలు కావలసి వస్తే ఆ సిద్ధాంతం ఏదీ ముందుగా చెప్పలేదు.

బయట గజంబద్ద లేదు

స్పిన్ ఫోమ్ దగ్గరికి వచ్చేసరికి ముతకచూపుకు చిత్రమైన అడ్డంకి ఎదురైంది. ఇనుములో పరమాణువుల మధ్య దూరం ముందే తెలుసు. రెండేసి కలిపితే మెట్టు రెట్టింపు అయిందని చెప్పవచ్చు. స్పిన్ ఫోమ్‌లో దూరం ముందుగా ఇచ్చినది కాదు; లెక్క పూర్తయ్యాక బయటికి రావలసినది. కొలిచే గొలుసు కూడా కొలవబడే నేలలోనే పుట్టాలి. చిన్నది ఏది, పెద్దది ఏది అని చెప్పడానికి బయట గజంబద్ద లేనప్పుడు ముతకబారడం అంటే అర్థమేమిటి?

2002 ప్రాంతంలో ఫోతిని మార్కోపూలూ, రాబర్ట్ ఓక్ల్ వేర్వేరుగా ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్నారు. దూరాల మాట ఎత్తకుండా, కోతలను ఒకదానిలో ఒకటి ఇమిడిన వరసగా చూడమన్నారు: ఈ కోత ఆ కోతకన్నా సన్నం అని చెప్పడానికి గజం అక్కరలేదు, ఒకదాని ముక్కలు ఇంకోదాని ముక్కల్లో ఇమిడితే చాలు. తర్వాత బియాంకా డిట్రిష్, ఆమెతో పనిచేసిన బెంజమిన్ బార్, సెబాస్టియన్ స్టైన్‌హౌస్ దీన్ని లెక్కలు కట్టగలిగే పద్ధతిగా తీర్చారు.

వాళ్ల కిటుకు పొలిమేరలో ఉంది. ఊరి పొలిమేర రాళ్లను కదల్చవద్దు. వాటి మీది కొలతలు అట్లాగే ఉంచండి. లోపల ఒకసారి సన్నగా కొయ్యండి, ఇంకోసారి ముతకగా కొయ్యండి. పొలిమేర దగ్గర నిలబడి చూసేవాడికి రెండు కోతలూ ఒకే జవాబు ఇచ్చేలా ముతక సూత్రాన్ని సవరించండి. ఆ సవరణే మెట్టుసవరణ. గజంబద్ద బయట ఎక్కడా అక్కరలేదు, పొలిమేర చాలు.

2009లో బార్, డిట్రిష్ దీన్ని మూడు కొలతల లోకంలో చేసి చూపారు. విశ్వస్థిరాంకం, అంటే ఖాళీ స్థలానికే వంపునిచ్చే సంఖ్య, చేర్చినప్పుడు ఆ లోకపు నేల ఒకే తీరున వంగి ఉంటుంది. చదును దిమ్మలతో మొదలుపెడితే కోతను బట్టి జవాబు మారింది. మెట్టు తర్వాత మెట్టు సవరిస్తూ పోతే ఆ సూత్రమే తనంతట తాను వంపు దిమ్మల సూత్రంగా మారింది. కోతతో పని లేకుండా పోయింది. లాంబ్టన్ తన త్రిభుజాలకు ముందే తెలిసి వాడిన గోళపు సూత్రాన్ని, ఇక్కడ లెక్క తనకు తానుగా వెతుక్కుంది. ఈ రంగంలో నేను చదివినవాటిలో ఇంత తృప్తినిచ్చిన ఫలితం ఇంకొకటి లేదు.

నాలుగు కొలతల్లో ఎంతవరకు వచ్చారు

నాలుగు కొలతల్లో లెక్క భారం వేరు. ప్రతి దిక్కునా రెట్టింపు చెయ్యాలంటే పదహారు దిమ్మలను ఒకటిగా కలపాలి. ప్లాంక్ పొడవు నుంచి గుంట అంచు 33 అడుగుల దాకా రావడానికి 119 రెట్టింపులు కావాలి. అన్నీ చెయ్యనవసరం లేదు; సంఖ్యలు స్థిరబిందువు దగ్గర నిలిస్తే తక్కినవి వాటంతటవే తెలుస్తాయి. అయినా మొదటి కొన్ని మెట్లే కష్టం. స్థితిపట్టికలను అల్లి కుదించే టెన్సర్ పద్ధతి ఒకటి 2007లో లెవిన్, నేవ్ అయస్కాంతాల కోసం కనిపెట్టారు. డిట్రిష్ బృందం దాన్ని సరళమైన నురుగు నమూనాల మీద వాడింది.

2016లో బార్, స్టైన్‌హౌస్ వేరే ఉపాయం చేశారు. దిమ్మలన్నీ ఇటుకల్లా ఉండాలని షరతు పెట్టి, నమూనాలో ఒకే ఒక్క సంఖ్యను వదులుగా ఉంచారు. తలాలకు ఎంత బరువు ఇవ్వాలో చెప్పే సంఖ్య అది. ఆ సంఖ్య ఒక విలువకు ఒకవైపు ఉంటే అడ్డదిడ్డంగా, నలిగిపోయిన అమరికలు పైచేయి అయ్యాయి. ఇంకోవైపు ఉంటే సమంగా కోసిన అమరికలు పైచేయి అయ్యాయి. రెంటి నడుమ అంచు మీద ఒక స్థిరబిందువు దొరికింది. అక్కడే ఇంకో గుర్తు కూడా కనిపించింది: కోత గీతలను లోపల ఇటూ అటూ జరిపినా జవాబు మారని గుణం, మిగతా చోట్ల విరిగిపోయినది, సరిగ్గా ఆ అంచున తిరిగి వచ్చింది. ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి ప్రాణం ఆ గుణమే. గుర్తులు ఎక్కడ వేసుకున్నా ప్రకృతి చెప్పేది మారకూడదని ఆయన పట్టుబట్టాడు.

దీని పరిమితులు కూడా చెప్పాలి. ఇటుకల అమరికలో వంపుకు చోటు లేదు. కాలాన్ని కూడా స్థలంలాగే లెక్కించారు. స్పిన్ సంఖ్యలు పెద్దవని అనుకున్నారు. 2018లో బార్, రాబుఫో, స్టైన్‌హౌస్ ఇటుకల బదులు పైకి పోయేకొద్దీ సన్నబడే లేదా వెడల్పయ్యే దిమ్మలు తీసుకున్నారు. ఇందులో విశ్వం విస్తరించగలదు, కుంచించుకోగలదు. గురుత్వ స్థిరాంకం, విశ్వస్థిరాంకం, తలాల బరువు మూడూ కలిసి మారే లోకంలో స్థిరబిందువు సూచనలు మళ్లీ కనిపించాయి. వేరే దారిలో, 2004లో ఆంబ్యోర్న్, యుర్కీవిచ్, లాల్ కాలక్రమం పాటించే దిమ్మలను కంప్యూటరులో కలిపితే పెద్ద మెట్టు మీద నాలుగు కొలతల విశ్వం బయటపడిందని చూపారు. అది స్పిన్ ఫోమ్ కాదు, కానీ ముక్కల నుంచి నున్నని స్థలం రావడం అసాధ్యం కాదని దానివల్ల తెలిసింది.

నా తీర్పు ఇది. స్పిన్ ఫోమ్ సరైన సిద్ధాంతమో కాదో చెప్పగల స్థితి ఇంకా రాలేదు. ఏ సడలింపూ లేకుండా, నిజమైన కాలంతో, వంపుతో, నాలుగు కొలతల్లో రెండు వేరు వేరు కోతలు ఒకే జవాబు ఇచ్చే రోజు వస్తేనే దాన్ని ప్రకృతి సిద్ధాంతం అనాలి. అప్పటిదాకా దిమ్మ ఎంత అందంగా ఉన్నా అది నమూనాయే. ఈ పరీక్షను శాస్త్రజ్ఞులు తమకు తామే పెట్టుకున్నారు, ఏళ్ల తరబడి కష్టపడి రాస్తున్నారు. ప్రయోగం అందుకోలేని లోతుల్లో సిద్ధాంతాన్ని అదుపులో ఉంచేది ఇట్లాంటి పరీక్షలే కాబట్టి ఆ పని మీద నాకు గౌరవం.

మన దేశంలో ఈ దారి మనుషులు లేకపోలేదు. 2000లో చెన్నై గణిత విజ్ఞాన సంస్థలో పనిచేస్తున్న రొమేశ్ కౌల్, పార్థసారథి మజుందార్ నల్లబిలం ఉపరితలం మీది స్పిన్ ముక్కలను లెక్కపెట్టి, దాని ఎంట్రోపీకి అప్పటికి తెలిసిన సూత్రానికి ఒక చిన్న సవరణ కనుగొన్నారు. ఈ రంగంలో ఇప్పటికీ దాన్ని తలుస్తారు. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలోనూ క్వాంటం గురుత్వం మీద చాలా ఏళ్లుగా పని జరుగుతోంది.

ఖమ్మంలోనో మధిరలోనో డిగ్రీ భౌతిక శాస్త్రం చదువుతున్న విద్యార్థికి ఒక మాట. దీనికి త్వరణ యంత్రం అక్కరలేదు. భ్రమణాల సమూహ సిద్ధాంతం, అయస్కాంతాల మీద కడనాఫ్ లెక్క, కాస్త ప్రోగ్రామింగ్ చేతనైతే మొదలుపెట్టవచ్చు. నాలుగు కొలతల దిమ్మల బరువులు లెక్కగట్టే ప్రోగ్రామును పియెత్రో దోనా, జార్జియో సార్నో 2018లో రాసి, సోర్సు కోడుతో సహా అందరికీ ఉచితంగా ఇచ్చారు. ముందు రెండు కొలతల్లో, కాగితం మీద, ఒక త్రిభుజాన్ని నాలుగుగా కోసి మళ్లీ ఒకటిగా కలిపి చూడండి.